ఒక సీసా మంచినీళ్లు

బుడమేరు పొంగి బెజవాడ మునిగిన ఏడాది ఇది జరిగింది. ఆ నీళ్లు మా మెట్టకు రాలేదు. కోత ముందు పడ్డ జల్లులకు మా మిరపకాయ కొంత మచ్చ పడింది. మిగిలిన కాయ కళ్లంలో ఎండుతోంది.

నీళ్లు పరీక్ష చేసే ల్యాబు అమ్మాయి జ్యోతిర్మయి మా వసారాలోకి వచ్చి కూర్చుని చాలాసేపయింది. ఎవరూ రమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు. స్కూటీ బోరింగు పక్కన ఆపి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని బల్ల చివర కూర్చుంది. నేను ఈ చివర కూర్చున్నాను.

మర్నాడు మా ఊరి సచివాలయంలో ఎంక్వైరీ. మా మనవరాలు గీతాంజలి ఏం చెబితే అది రాసుకోవడానికి పై ఆఫీసరు వస్తున్నాడు. గీత వీడియోలో చెప్పిన మాటే అక్కడా చెబితే ఈ అమ్మాయి ఉద్యోగం పోతుంది. అందుకని వచ్చింది.

గీత గుమ్మంలో నిలబడి ఉంది. బయటికి రాలేదు, లోపలికీ పోలేదు. దాని వెనక మా కోడలు మాధవీలత. నా భార్య వెంకటేశ్వరమ్మ చేటలో రంగు పోయిన తాలుకాయ ఏరుతూ తల ఎత్తడం లేదు.

ముందు మాట్లాడింది మా అబ్బాయి ప్రసాదు.

"చెప్పుకునేది ఉంటే రేపు ఆఫీసరుకు చెప్పుకోండి. మా ఇంటికెందుకు?"

"మీ అమ్మాయితో మాట్లాడదామని అండి."

"చిన్నపిల్ల. దాంతో ఏం మాట్లాడతారు?"

"వీడియో పెట్టినప్పుడు చిన్నపిల్ల కాదాండి?" అంది జ్యోతిర్మయి. గట్టిగా అనలేదు. హెల్మెట్ వైపు చూస్తూ అంది.

ప్రసాదు కళ్లం వైపు చూశాడు.

ఆ వీడియో మా బోరింగు దగ్గరే తీశారు. గీత స్నేహితురాలు నజీరా ఫోను పట్టుకుంది. గీతకు పళ్ల మీద పసుపు గారలున్నాయి. చిన్నప్పటినుంచీ నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల. ఆ రోజు మాత్రం పెదవులు పైకి లాగి ఫోనుకు చూపించింది. ఈ బోరింగు నీళ్లలో ఫ్లోరైడు లేదని ల్యాబు రాసింది, ఇవి ఆ నీళ్లు తాగిన పళ్లు, అంది. పరీక్ష చేసినామె బోరింగు దగ్గరికే రాలేదని, డబ్బు తీసుకుని ఇంట్లో కూర్చుని రాసిందని చివర్లో అంది.

బోరింగు దగ్గరికి రాకపోవడం గీత కళ్లంలోంచి చూసింది. డబ్బు సంగతి ఎవరూ చూడలేదు.

అసలు ఆ పరీక్ష కావాలని అడిగింది గీతే. వాళ్ల సైన్సు మాస్టారు ప్రేమ్‌చంద్ గారితో అర్జీ రాయించింది. కాలనీలో ఇంటింటికీ తిరిగి, మనుషులు మాట మారుస్తారు, మిషను మార్చదు, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, ఆ కాగితం వస్తే సాగర్ నీళ్ల పైపు మన ఊరికి వేయక తప్పదు అని చెప్పింది. మా బోటి ఇళ్లవాళ్లు క్యాను నీళ్లు కొనుక్కుంటారు. కాలనీవాళ్లు బోరింగు నీళ్లే తాగుతారు. వాళ్లు ఆ పిల్ల మాట నమ్మారు.

కాగితం వచ్చింది. నీళ్లు బాగున్నాయని వచ్చింది. పైపు మా ఊరు దాటి పక్క ఊరికి పోయింది.

గీత గుమ్మంలోంచే అడిగింది.

"మీరు బోరింగు దగ్గరికి వెళ్లారా, వెళ్లలేదా?"

"వెళ్లలేదు," అంది జ్యోతిర్మయి. "అది నా తప్పే. రేపు అడిగినా ఒప్పుకుంటాను. ఆ రోజు మీరు కాయ తిరగేస్తున్నారు. ఆ ఘాటుకు ఊపిరాడలేదు. మాది వేటపాలెం. మాకు జీడిగింజలు కాల్చే పొగ అలవాటు గానీ ఇది అలవాటు లేదు. దగ్గుకుంటూ ఇక్కడికొచ్చి కూర్చున్నాను. సీసా మీ నాయనమ్మగారికిచ్చి నీళ్లు పట్టించుకున్నాను."

గీత వాళ్ల నాయనమ్మ వైపు చూసింది.

"పట్టిచ్చాను," అంది వెంకటేశ్వరమ్మ, చేట వదలకుండా. "సీసా తెచ్చిన మాట నిజమే."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావా?"

గీత మొహం ఎర్రబడింది. ప్రసాదు అందుకున్నాడు. సీసా పట్టుకెళితే పట్టుకెళ్లింది, దారిలో ఏం చేసిందో, ల్యాబులో ఏం రాసిందో ఎవరు చూశారు అన్నాడు.

"మిషనులో పెట్టానండి. వచ్చిన అంకె రాశాను," అంది జ్యోతిర్మయి. "ఎట్లా వచ్చిందో నాకూ అర్థం కాలేదు. మీ చుట్టుపక్కల అన్ని ఊళ్లలో ఎక్కువే వచ్చింది. మీ ఊళ్లోనే రాలేదు. భూమిలో ఒక్కోచోట అట్లా ఉంటుందేమో అనుకున్నాను. మిషను అబద్ధం చెప్పదు కదా."

"మిషను చెప్పదు," అంది గీత. "మీరు చెప్తారు."

కళ్లం మీదుగా గాలి తిరిగింది. జ్యోతిర్మయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చాయి. అవి దగ్గుకు వచ్చినవో వేరే వాటికి వచ్చినవో నాకు తెలియదు.

"అమ్మా, కొంచెం మంచినీళ్లు ఇప్పిస్తారా?" అంది.

గీత కదల్లేదు. మాధవీలత కదలబోయి మొగుడి మొహం చూసి ఆగింది. వెంకటేశ్వరమ్మ చేట కింద పెట్టి మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. ఎంత పగవాళ్లయినా మంచినీళ్లడిగితే మా ఇంట్లో లేదనరు. లోపలికి వెళ్లి, బోర్లించిన చెంబు తీసి, నీలం క్యాను మూత తిప్పి చెంబు నింపుకొచ్చింది.

నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. ఆ చెయ్యి ఎక్కడికి వెళ్లిందో చూశాను.

జ్యోతిర్మయి గటగటా తాగింది. చెంబు బల్ల మీద పెట్టింది. "డబ్బు తీసుకున్నానని మాత్రం అనొద్దమ్మా," అని గీతతో ఒక్క మాట అంది. "మిగతావి ఏమన్నా పడతాను. మా అమ్మ ఆ వీడియో చూసింది." హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది.

నాకు తెలిసిన సంగతి చెప్పడానికి, ఆమె స్కూటీ స్టార్టు చేసేదాకా సమయం ఉంది. నేను చెప్పలేదు.

*

వెంకటేశ్వరమ్మ పెరట్లో పొయ్యి మీద కాగు పెట్టింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. అలా వెళ్లి కూర్చునే అలవాటు నాకు లేదు. ఏం కావాలి అన్నట్టు చూసింది.

"ఆ రోజు ఆ అమ్మాయి సీసా ఇచ్చి ఏమంది?"

"ఏమంటుంది. అమ్మా, దీంట్లో కాసిని మంచినీళ్లు పట్టిస్తారా అంది."

"ఏం పట్టావు?"

"మంచినీళ్లే పట్టాను."

"ఏ మంచినీళ్లు?"

"మంచినీళ్లల్లో ఎన్ని రకాలుంటాయి? క్యానులోవి పట్టాను," అంది. "గడపలోకొచ్చి అడిగిన మనిషికి బోరింగు నీళ్లు పట్టిస్తామా? ఆ సున్నపు నీళ్లు ఇస్తే ఇంటికి పరువుంటుందా? సీసా కూడా కడిగే పట్టాను. పొయ్యి కాడ మరగబెట్టిన నీళ్లతో కడిగాను."

మా ఇంట్లో బోరింగు నీళ్లను వాడకం నీళ్లంటారు. మంచినీళ్లంటే క్యానువే. మాధవీలతది పొన్నూరు. కాలవ నీళ్లు తాగి పెరిగిన పిల్ల. సంబంధం చూడ్డానికొచ్చినప్పుడు వాళ్ల నాన్న మా ఇంట్లో గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, ఒక గుటక మింగి, మిగతాది చేతిలోనే ఉంచుకున్నాడు. అమ్మాయికి తాగే నీళ్లు కొనిపెడతామంటేనే ఒప్పుకున్నాడు. అప్పట్లో క్యాను మా ఒక్క ఇంటికే వచ్చేది. గీత పుట్టాక కొన్నాళ్లు మిరప దెబ్బతిని క్యాను మానేశాం. ఆ పళ్లు అప్పటివి.

వేటపాలెం వైపు నేను ఒకసారి పోయాను. అక్కడ ఇసకలో బోరింగు కొడితే వచ్చేవి కొబ్బరినీళ్లలా ఉంటాయి. అక్కడివాళ్లు వాటినే మంచినీళ్లంటారు. ఆ అమ్మాయి అడిగింది ఆ మాట. మా ఆవిడ విన్నది ఈ మాట.

వెంకటేశ్వరమ్మ పొయ్యిలోకి మిరపకట్టె ఒకటి తోసింది. తోసిన చెయ్యి వెనక్కి రాలేదు. కాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

"పరీక్ష చేసింది ఆ నీళ్లనా?" అంది.

"ఆ."

"పైపు నావల్ల పోయిందా?"

నేను లేచి పొయ్యిలోంచి ఆమె చెయ్యి పక్కకు తీశాను. కాలలేదు. వేడెక్కింది.

*

అన్నాల దగ్గర అందరికీ తెలిసింది. చెప్పింది వెంకటేశ్వరమ్మే. కంచంలో కూర వేస్తూ, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది. గీత అప్పటికి కళ్లంలోంచి ఇంకా రాలేదు.

ప్రసాదు ముద్ద కంచంలో వదిలేశాడు.

"ఈ మాట గుమ్మం దాటకూడదు," అన్నాడు.

మాధవీలత, మరి రేపు గీత ఏం చెప్పాలి అంది. చూసింది చెబుతుంది, బోరింగు దగ్గరికి రాలేదని చెబుతుంది, అదేం అబద్ధం కాదు కదా అన్నాడు ప్రసాదు. మిగతాది ఆఫీసర్లు తేల్చుకుంటారన్నాడు. తేల్చుకోవడమంటే ఆ అమ్మాయిని తీసేయడమేగా అంది మాధవీలత.

"కాంట్రాక్టు ఉద్యోగం. ఇది పోతే ఇంకోటి చూసుకుంటుంది."

"ఆ ఇంకోటి ఎక్కడుందో చెప్పండి. డిగ్రీ చదివి నేనూ తాలుకాయ ఏరుతున్నాను."

ప్రసాదు ఆమెతో వాదన పెట్టుకోలేదు. నా వైపు తిరిగాడు.

"నాన్నా, అమ్మని ఊళ్లో నిలబెడతావా? పైపు పోయింది చలమయ్య పెళ్లాం వల్ల అంటారు. కాలనీ వాళ్లు మన కళ్లంలోకి పనికొస్తారా? కాయ కోసేదెవరు?"

ఆలోచించి మాట్లాడాడు. తప్పేమీ లేదు ఆ లెక్కలో.

"ఆ అమ్మాయి డబ్బు తీసుకోలేదు," అన్నాను.

"మనమూ తీసుకోలేదు కదా. మనమెందుకు పడాలి?"

గోడ పక్క ఫ్యాను కింద గీత నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. కాళ్లకు కళ్లం దుమ్ముంది. అంతా విన్న మొహం.

"నాయనమ్మా," అంది. "సీసాలో క్యాను నీళ్లు పట్టావా?"

వెంకటేశ్వరమ్మ కూర గిన్నె కింద పెట్టింది. "మంచినీళ్లడిగిందే," అంది. ఆ ముక్క ఆమె గొంతులో చిన్నగా వచ్చింది.

గీత గోడకు ఆనుకుని కూర్చుంది. కాళ్లకంటిన దుమ్ము దులుపుకుంది.

"అయితే మిషను నిజమే చెప్పింది," అంది.

వెంకటేశ్వరమ్మ కంచం ముందుకు జరిపితే గీత ముట్టుకోలేదు.

"క్యాను నీళ్లలో ఫ్లోరైడు లేదని చెప్పింది. నిజమే కదా. లేదు కదా." నవ్వబోయి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను స్కూల్లో ఏం చెప్పానో తెలుసా అమ్మా? నీళ్ల కాగితమే అబద్ధమైతే బుధవారం ఇచ్చే ఐరను మాత్రలు మాత్రం నిజమా, అవి ఎక్కడ ఎవరు చేశారో ఎవరు చూశారు అన్నాను. మా క్లాసులో ఆడపిల్లలందరూ గోడవతలికి విసిరేశారు. ప్రేమ్‌చంద్ మాస్టారు పుస్తకం తెరిచి చూపించబోతే, పుస్తకం రాసింది కూడా వాళ్లే కదా సార్ అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టారు."

"నజీరా కూడా విసిరేసిందా?" అంది మాధవీలత.

"అదే ముందు విసిరింది."

నజీరాకు రక్తం తక్కువని ఆ పిల్ల తల్లి అందరికీ చెప్పుకుని బాధపడుతుంటుంది. అందరికీ ఆ సంగతి తెలుసు.

ప్రసాదు గొంతు తగ్గించి చెప్పాడు. జరిగిందేదో జరిగిందన్నాడు. రేపు కొత్తగా ఏమీ చెప్పొద్దన్నాడు. ఇప్పుడు మాట మారిస్తే నిన్ను ఎవరూ నమ్మరు, రేపు ఇంటర్లో చేరతావు, అక్కడికీ ఈ వీడియో వస్తుంది, అబద్ధాలపిల్ల అంటారు అన్నాడు.

"అంటారు," అంది గీత. "అందుకే చెప్పొద్దంటున్నావా?"

"నీకోసమే కదా చెప్తున్నా."

"మరి నువ్వు దాచమన్నాక, రేపట్నుంచి నిన్నెట్లా నమ్మాలి నాన్నా?"

ప్రసాదు కంచంలో చెయ్యి కడిగేశాడు. సగం అన్నం అలాగే ఉంది. మాధవీలత ఆ కంచం తీయలేదు.

*

మంచు దిగకముందు కాయ మీద పట్టాలు కప్పాలి. నేను ఒక కొస పట్టుకుంటే రెండో కొస గీత పట్టుకుంది. రోజూ ప్రసాదు పట్టుకుంటాడు. ఆ పూట రాలేదు.

పట్టా లాగి, అంచుల మీద రాళ్లు పెట్టుకుంటూ ఇద్దరం కళ్లం చుట్టూ నడిచాం.

"నీకెప్పుడు తెలిసింది తాతయ్యా?"

"ఇందాక. మీ నాయనమ్మ చెంబు నింపినప్పుడు."

గీత ఆగింది. రాయి చేతిలోనే ఉంది.

"ఆమె అప్పటికి ఇక్కడే ఉంది కదా."

"ఉంది."

"మరి చెప్పలేదేం?"

నేను రాయి పెట్టి ముందుకు నడిచాను. అది నా వెనకే వచ్చింది.

"మీ నాయనమ్మని ఆమె ముందు ఏమనాలో తోచలేదు," అన్నాను.

"ఆమె దారి పొడుగునా ఏడ్చుకుంటూ వెళ్లుంటుంది."

"వెళ్లుంటుంది."

"నాన్నెంతో నువ్వూ అంతే," అంది.

తిట్టినట్టు అనలేదు. ఎండలో ఆరబోసిన కాయను చూసి ఇది తాలు, ఇది మంచిది అని వేరు చేసినట్టు అంది. మిగిలిన రాళ్లు తనే పెట్టింది. నన్ను వంగనివ్వలేదు.

రేపు ఏం చెబుతావని అడిగాను. తెలియదంది. సైన్సు గ్రూపు తీసుకుంటానని మొన్నటిదాకా అనేదానివి కదా అన్నాను. ఇప్పుడది ఎందుకంది. "సీసా ఎవరు పట్టారో పుస్తకంలో ఉండదు తాతయ్యా," అంది.

ఇంట్లోకి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. బోరింగు అవతల చీకట్లో కాలనీ పొయ్యిలు వెలుగుతున్నాయి. ఆ పొయ్యిల మీద ఉడికే అన్నం కూడా ఆ నీళ్లతోనే.

ఆఫీసరుకు చెప్పడం ఒకటి. పైపు పోయింది ఆఫీసరుకు కాదు.

*

మర్నాడు తెల్లవారగానే బోరింగు దగ్గరికి వెళ్లాను.

ఆ వేళకు కాలనీ ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి ఉంటారు. నేను అక్కడికి నీళ్లకు వెళ్లే మనిషిని కాదు. నన్ను చూసి మాటలు ఆపేశారు. ఎలీసమ్మ ఒక్కతే కొడుతోంది. ఆమె మనవడికి మోకాళ్లు లోపలికి వంగాయి. వాడు పక్కన ఇటుక మీద కూర్చుని ఉన్నాడు. పరీక్ష కోసం గీత పెట్టించిన అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమెదే.

నిలబడి చెప్పాను. ల్యాబు అమ్మాయి సీసా ఇచ్చి మంచినీళ్లు అడిగిందని, మా ఇంట్లో క్యాను నీళ్లు పట్టిచ్చారని, ల్యాబులో చూసింది ఆ నీళ్లనని, మీ నీళ్లను ఇంకా ఎవరూ చూడలేదని చెప్పాను. మా ఆవిడ తెలియక చేసిందన్నాను. ఆ అమ్మాయి డబ్బు తీసుకోలేదన్నాను. నా జన్మలో నలుగురి ముందు అన్ని మాటలు మాట్లాడింది లేదు.

ఎలీసమ్మ కొట్టడం ఆపలేదు. బిందె నిండాక ఆపింది.

"నిన్న ఆ అమ్మాయి మీ వసారాలో పొద్దుగూకేదాకా కూర్చుందంట కదా," అంది.

"కూర్చుంది."

"పొద్దున్నే మీరొచ్చి ఈ మాట చెప్తున్నారు."

"అవును."

"ఎంతకు కుదిరింది చలమయ్యగారూ?"

వెనకాల ఎవరో నవ్వారు. ఎలీసమ్మ నవ్వలేదు.

కుదరడం కాదు, ఉన్నదే చెప్పానన్నాను.

"మీ పిల్ల మా గుమ్మాలన్నీ తిరిగి మిషను మాట మార్చదంది. నమ్మాం. తర్వాత ఇదే బోరింగు పక్కన నిలబడి అంతా అబద్ధమంది. అదీ నమ్మాం. ఇప్పుడు మీరొచ్చి మిషను నిజమేనంటున్నారు. మేం నీళ్లు పట్టుకోవాలా, మీ మాటలు పట్టుకోవాలా?"

నేను చెప్పింది నిజమని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ క్యాను నీళ్లు ఎప్పుడో పారబోశారు. ఆ సీసా ఎక్కడుందో తెలియదు.

"మళ్లీ పరీక్ష చేయమని అడుగుతాను," అన్నాను. "ఈసారి నువ్వే పట్టియ్యి ఎలీసమ్మా. నీ చేత్తో."

"పట్టిస్తాను. తర్వాత అక్కడెవరు చూస్తారు?" అంది. బిందె నడుమున పెట్టుకుని, రెండో చేత్తో మనవణ్ణి లేపుకుంది. "మీ ఇంట్లో మంచినీళ్లున్నాయి. మీరు ఆగగలరు."

వరసలో తర్వాతి బిందె జరిగింది. మాటలు మళ్లీ మొదలయ్యాయి. నా గురించే.

నేను ఇంటికి పోలేదు. పోతే ప్రసాదు ఉంటాడు. అటునుంచి అటే సచివాలయానికి నడిచాను. దారిలో పత్తి చేలో ఏరేవాళ్లు అప్పుడే వంగుతున్నారు. ఎవరో పలకరించారు. ఏమన్నారో వినలేదు.

తలుపులు ఇంకా తీయలేదు. గోడ మీద ప్రభుత్వం వాళ్ల బొమ్మలు, కాగితాలు అంటించి ఉన్నాయి. నాకు చదవడం అంతంత మాత్రం. మెట్ల మీద కూర్చున్నాను.

ఎండ మెట్టు మీదికి వచ్చేసరికి సైకిలు చప్పుడు వినిపించింది. గీత. స్కూలు డ్రెస్సులో ఉంది. వెంట వాళ్ల నాన్న లేడు. సైకిలు దిగింది గానీ స్టాండు వేయలేదు. రెండు చేతులతో హ్యాండిలు పట్టుకునే నిలబడింది. ఇటు నాలుగడుగుల్లో నేను, అటు స్కూలు దారి.

"బోరింగు దగ్గర చెప్పావంట," అంది.

"చెప్పాను."

"నమ్మారా?"

"లేదు."

"నజీరా వాళ్లమ్మ చెప్పింది. మీ తాత డబ్బుకు అమ్ముడుపోయాడంట కదా అంది." ఆ మాట చెప్పి నా మొహంలోకి చూసింది. "నిన్ను అట్లా అంటారని నేను అనుకోలేదు తాతయ్యా."

"నేనూ అనుకోలేదు."

"మరి ఇక్కడికెందుకొచ్చావు?"

"ఇక్కడ కూడా చెప్దామని."

రోడ్డు మలుపులో దుమ్ము లేచింది. జీపు. గీత కూడా చూసింది. దాని చేతులు హ్యాండిలు మీద బిగుసుకున్నాయి.

"వీళ్లూ నమ్మకపోతే?"

జీపు దగ్గరికొస్తోంది. ముందు సీట్లో ఆఫీసరు, వెనక సీట్లో చున్నీ ముఖానికి చుట్టుకుని ఒక ఆడమనిషి కనిపించారు.

గీత సైకిలు గోడకు ఆనించింది. బ్యాగు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకుంది. మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఏం చెబుతుందో నేను అడగలేదు. అదీ చెప్పలేదు.

"జరుగు," అంది.

జరిగాను. నా పక్కన కూర్చుంది.